ఏడో స్తంభం లావెక్కిన సంగతి

కాపురం పుస్తకం
నీలాంబరి అపార్ట్‌మెంట్స్, ఉప్పుటేరు గట్టు, కాకినాడ
రాస్తున్నది: బిల్డరు పితాని మాణిక్యం

రోజు 3,611. మిగిలినవి 41.

ఉదయం ఆరింటికి తలుపు చప్పుడైంది. ఎదురుగా మా సెక్రటరీ చెరుకుమిల్లి సీతాపతిగారు. మూడో అంతస్తులో ఉంటారు. డెబ్భై నిండబోతున్నాయి. పోర్టులో ముప్ఫయ్యేళ్ళు ఓడల రాకపోకలు రాసిన మనిషి కాబట్టి ఏ సంగతైనా టైముతో సహా చెబుతారు.

"మాణిక్యంగారూ, అయిదూ నలభై రెండుకి మా వంటింటి తలుపు కిర్రుమందండి. నిన్న ఇదే టైముకి అనలేదు."

నూనె డబ్బా పట్టుకుని దిగాను. రెండు చుక్కలు వేస్తే తలుపు నోరు మూసుకుంది. సీతాపతిగారు మూసుకోలేదు. "ఫిర్యాదు రాసుకున్నారా? నంబరు ఇవ్వండి మరి" అని నిలబడ్డారు. ఇచ్చాను.

ఈ పుస్తకంలో అబద్ధం రాయకూడదని కట్టడాల పీఠం వారి నియమం. అనవసరమైనవి రాయకూడదని మాత్రం ఎక్కడా లేదు. పదేళ్ళుగా ఆ సందులోంచే ఊపిరి పీలుస్తున్నాను. ఎలాగూ ఎవరూ చదవరు. గడువు తీరినరోజు పీఠం నుంచి ఒకరొచ్చి, మధ్యలో ఏ రోజూ ఖాళీ లేదు కదా అని పేజీలు తిప్పి చూసి, ముద్ర కొట్టి, గోడౌనులో పడేస్తారు.

ఇంకా నలభై ఒక్క రోజులు. ఆ తర్వాత ఏ ఇంట్లో కావాలంటే ఆ ఇంట్లో పడుకోవచ్చు నేను. కట్టినవాళ్ళు కట్టినచోటే పదేళ్ళు కాపురం ఉండాలన్న చట్టం వచ్చాక ఈ ఊళ్ళో ఏడుగురం బిల్డర్లం మిగిలాం. ఒక్కో భవనం పదేళ్ళు మింగేస్తుంది. మనిషి జన్మకి మూడు కట్టగలిగితే గొప్ప. నాకు యాభై మూడు. ఇది రెండోది. మూడోదానికి ఉప్పుటేరు అవతల స్థలం సిద్ధంగా ఉంది. అందులో ఇళ్ళకోసం జాబితాలో ఉన్న అరవై నాలుగు కుటుంబాలు నా గడువు తీరే రోజుకోసం గోడమీద గీతలు గీసుకుంటున్నాయి.

రోజు 3,614. మిగిలినవి 38.

ఆ అరవై నాలుగు కుటుంబాల్లో పదిహేడో నంబరు బొంతు సుగుణది. మా గేటు ముందే టిఫిన్ బండి పెట్టుకుంది. ఇక్కడ వ్యాపారం బాగుంటుందని కాదు, నామీద ఒక కన్నేసి ఉంచడానికి. మెట్లమీద నేను జారిపడినా, నాకు జలుబు చేసినా తనకే ముందు తెలియాలి.

"ఎన్నండీ పిన్నిగారూ?" అని పెసరట్టు తిప్పుతూ అడుగుతుంది రోజూ.

"ముప్ఫయ్యెనిమిది."

"ఫిర్యాదులండీ?"

"పంతొమ్మిది."

అట్లకాడ ఆగిపోయింది. "మొన్న ఆరే కదాండీ?"

సుగుణ భయానికి కారణం ఉంది. గడువు తీరేనాటికి నలభై చిన్న ఫిర్యాదులు, పెట్టినవాళ్ళు తీరిందని సంతకం పెట్టకుండా మిగిలితే బిల్డరు ఇంకో ఆరు నెలలు ఉండిపోవాలి. చిన్నవంటే తలుపులు, పంపులు, పెచ్చులు. పెద్ద లోపం, అంటే స్తంభానికో దూలానికో వచ్చేది బయటపడితే, ఆరు నెలలతో పోదు. గేటుమీద ఎర్రదీపం వెలుగుతుంది. అది వెలిగినంత కాలం భవనంలో ఎవరూ ఫ్లాట్ అమ్మలేరు, మార్చుకోలేరు, అద్దెకివ్వలేరు. బిల్డరుకి మళ్ళీ ఒకటో రోజు నుంచి లెక్క మొదలు.

సుగుణ వాళ్ళు ఉప్పుటేరులో తెప్పల మీద కట్టిన గదుల్లో ఉంటారు. ఆటుపోట్లకి గది ఊగుతుంది. వాళ్ళ పాప ఒకసారి మా పార్కింగులోకి వచ్చి, నేల కదలడం లేదని భయపడి ఏడ్చింది.

"ఎవరో కావాలని చేస్తన్నారండీ" అంది సుగుణ. "మీరు ఎల్లిపోతే పంపు కారితే పలికేవాడుండడు కదా. ఉచితంగా దొరికిన మేస్త్రీని ఎవరొదులుకుంటారండీ?"

రోజు 3,619. మిగిలినవి 33.

ఫిర్యాదులు ముప్ఫై ఒకటి.

ఇవాళ సీతాపతిగారి హాలు గోడ మీద పళ్ళెమంత తడి మరక. "పదీ పదిహేనుకి లేదండి. పదిన్నరకి ఉంది" అన్నారు. పైన పైపు లేదు. అవతల బాత్రూము లేదు. గోడని తట్టాను, గట్టిగానే పలికింది. వాసన చూశాను. అనుమానం వచ్చింది. నాలుక ఆనించాను.

చింతపండు, మిరియాలు, ఇంగువ.

సీతాపతిగారు సీలింగు ఫ్యాను వంక చూస్తున్నారు. లోపల వంటింట్లోంచి ఆయన భార్య కామేశ్వరమ్మగారు కేకేశారు. "ఉప్పు సరిపోయిందా మాణిక్యం?"

"కొంచెం తగ్గిందండి" అన్నాను.

"తగ్గాలి. ఆయనకి బీపీ."

గోడ తుడిచి, సున్నం వేసి వచ్చాను. నంబరు మాత్రం తీసుకున్నారు.

ఒక్క సంగతి మింగుడు పడటం లేదు. మిగతావాళ్ళు ఉచిత మేస్త్రీ కోసం టైల్సు పీకుతున్నారంటే అర్థం ఉంది. సీతాపతిగారి ముఖంలో అల్లరి లేదు. పరీక్ష తప్పిన పిల్లవాడి ముఖంలా ఉంది.

రోజు 3,622. మిగిలినవి 30.

పదేళ్ళు ఒకే ఇంట్లో కట్టిపడేస్తే మనిషి ఏదైనా చదువుతుంది. నేను చట్టం చదివాను. పద్నాలుగో నియమం ఏమంటుందంటే, లోపం సరిదిద్దుతున్న ఇంట్లో మూడు రోజులపాటు పొయ్యి వెలిగించరాదు. ఎందుకో ఎవరికీ తెలియదు. ఎప్పుడూ ఎవరూ పాటించలేదు.

ఉదయం ముప్ఫై నాలుగు ఫిర్యాదులకీ ఒకేసారి పని మొదలుపెడుతున్నట్టు నోటీసు అంటించి, ఇంటింటికీ తిరిగి పొయ్యిలకి పసుపు దారం కట్టి సీలు వేశాను. మధ్యాహ్నానికి సుగుణ బండి ముందు పదిహేనుమంది క్యూ. సాయంత్రానికి ఆవిడ రెండుసార్లు పిండి తెప్పించింది. "ఈ నియమం ఎవరు రాశారో గానీ ఆళ్ళ కడుపు సల్లగుండాలండీ" అంది.

కాఫీ వేళకి ఇరవై రెండు ఫిర్యాదులు వెనక్కి వచ్చాయి. తలుపులు వాటంతటవే కిర్రుమనడం మానేశాయట. నాలుగో అంతస్తు వాళ్ళ టైల్సు వాటంతటవే అతుక్కున్నాయట.

సీతాపతిగారొక్కరే ఒక్కటీ వెనక్కి తీసుకోలేదు. భార్యాభర్తలిద్దరూ మెట్లమీద కూర్చుని ఉప్మా తిన్నారు.

రోజు 3,626. మిగిలినవి 26.

ఇది రాయాలా వద్దా అని గంట కూర్చున్నాను. అబద్ధం రాయకూడదు. రాయకుండా ఉంటే రోజు ఖాళీ అవుతుంది. సరే.

మా పార్కింగులో పదహారు స్తంభాలు. ఒక్కోదానికీ అగ్గిపెట్టంత చెవి ఉంటుంది. కాంక్రీటు లోపల ఏది చిట్లినా విని, క్షణంలో పీఠానికి చెప్పేస్తుంది. ఏమీ చిట్లకపోయినా, మధ్యాహ్నం ఎండకి స్తంభం కాస్త సాగి టిక్కుమంటుంది. చెవి దాన్నీ రాసుకుంటుంది. గడువు దగ్గరపడింది కదా, చెవుల పట్టీ మొత్తం తీసి చూశాను. పదిహేను స్తంభాలు పదేళ్ళుగా టిక్కు టిక్కు. ఏడోది రెండేళ్ళుగా మౌనవ్రతం.

ఏడో స్తంభానికి ఆనుకునే సీతాపతిగారి కారు ఉంటుంది. గుడ్డ కప్పి, ఎన్నడూ తీయకుండా. కారుకీ గోడకీ మధ్య పొట్ట లోపలికి పీల్చి దూరాను. చెవికి కొబ్బరినూనెలో ముంచిన దూది కుక్కి, పైన ఊరగాయ సీసా మూత బోర్లించి, చుట్టూ మైనం రాశారు. దాని పక్కన వెంకటేశ్వరస్వామి క్యాలెండరు. రెండేళ్ళ కిందటిది.

స్వామికి దండం పెట్టుకుని క్యాలెండరు ఎత్తాను. ఏటవాలుగా మూరెడు బీట. బొటనవేలి గోరు దూరుతోంది.

అక్కడే కింద కూర్చున్నాను.

ఆ స్తంభం పోసినరోజు నాకు గుర్తుంది. ఇంద్రపాలెంలో నా స్నేహితురాలి పెళ్ళి. పనసపొట్టు కూర ఉందని కబురు వచ్చింది. పని మధ్యలో వదిలి, భోజనం చేసి, తాంబూలం నముల్తూ వచ్చేసరికి, తట్టల్లోంచి సులువుగా జారుతుందని మనుషులు కాంక్రీటు మాలులో నీళ్ళు ఎక్కువ పోసేశారు. చూడగానే తెలిసింది, జావలా ఉంది. తీయించి మళ్ళీ పోయించాలి. ఎండ మండిపోతోంది, కడుపు నిండుగా ఉంది. ఒక్క స్తంభమే కదా, పోనీలే అన్నాను.

పోలేదు. ఇక్కడే ఉంది.

రోజు 3,627. మిగిలినవి 25.

సీతాపతిగారిని పార్కింగులోకి పిలిచి, ఊరగాయ మూత చేతిలో పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇది మా ఆవిడ వెతుకుతోందండి రెండేళ్ళనుంచీ" అన్నారు. మూత జేబులో వేసుకున్నారు.

నెమ్మదిగా చెప్పారు. కామేశ్వరమ్మగారి మోకాళ్ళు అరిగిపోయి, కింది అంతస్తు ఫ్లాట్‌తో మార్పిడి కుదుర్చుకుంటున్న రోజుల్లో పైపూతలో వెంట్రుకంత గీత కనిపించింది, చెవికింకా అందలేదు. ఎర్రదీపం వెలిగితే మార్పిడి ఉండదు. చెవి మూశారు. మార్పిడి ఎలాగూ తప్పిపోయింది. చెవి తెరుద్దామంటే, మూసిన నేరం బయటపడుతుంది.

"మరి ఈ తలుపులూ చారూ ఏంటండి?"

"మీరు ఎల్లిపోతే దీని సంగతి ఎవరికీ తెలీకుండా పోద్ది కదండీ. చెప్పే ధైర్యం నాకు లేదు. ఇంకో ఆర్నెల్లుంటే మీకే కనపడుద్దని." ఆయన కళ్ళు తుడుచుకున్నారు. "రోజూ పడుకునేటప్పుడు దీని మీదే మా మంచం అనిపిస్తదండి. మూడంతస్తులు పైనున్నా."

నాకు కోపం రావాలి. రాలేదు. నా పనసపొట్టు సంగతి నేనూ చెప్పాను.

సుగుణకి చెప్పకుండా ఉండలేకపోయాను. పెనం మీద అట్టు మాడింది. ఆవిడ బండి పెట్టిన ఇన్నేళ్ళలో అట్టు మాడటం నేను చూడలేదు.

"అయితే మేవింకో పదేళ్ళు ఊగాలాండీ?" అంది.

నేను పెనం కింద మంట తగ్గించాను.

మాడిన అట్టు గీకి పారేసి, చేతులు తుడుచుకుంది. "బాగవుద్దాండీ ఆ స్తంభం?"

"బీట చుట్టూ పెచ్చు కొట్టి, కొత్త చువ్వలు కట్టి, నాలుగు వైపులా నాలుగేసి అంగుళాలు మందంగా కాంక్రీటు తొడగాలి. స్తంభానికి చొక్కా వేసినట్టు. ఒక్క పగటి పని. కానీ సుత్తి దెబ్బ పడిందంటే మిగతా పదిహేను చెవులూ వింటాయి."

"ఏదైనా శుభకార్యం ఉంటే చెవులు మూస్తారు కదాండీ? మొన్న రెండో అంతస్తు పెళ్ళికి మూయలేదాండీ, డప్పులకని?"

మూస్తారు. పీఠానికి ముందే రాసుకుంటే పొద్దుట ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా. కానీ పెళ్ళి ఎవరిది? భవనంలో కూతుళ్ళెవరికీ సంబంధాలు చూడటం లేదు. నాకు చేద్దామంది సుగుణ. వరుణ్ణి వెతకడానికే పాతిక రోజులు చాలవన్నాను.

కామేశ్వరమ్మగారు మెట్లమీంచి ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చారు. అంతా విన్నట్టున్నారు.

"ఈయనకి డెబ్భై నిండుతున్నాయి. షష్టిపూర్తి చేసుకుందామంటే ఖర్చని ఎగ్గొట్టారు. భీమరథశాంతి అని ఉంటుంది, డెబ్భయ్యో ఏట చేస్తారు. మళ్ళీ తాళి కట్టాలి. పట్టుచీర కొనాలి. సన్నాయి పెట్టాలి." మొగుడి వంక చూశారు. "ఇప్పుడు ఎగ్గొట్టమనండి చూద్దాం."

రోజు 3,634. మిగిలినవి 18.

జరిగింది.

ఎనిమిదింటికి చెవులు మూసుకున్నట్టు గేటు దగ్గర పచ్చదీపం ఆరింది. మండపం సరిగ్గా ఏడో స్తంభం ముందు వేశాం. స్తంభం చుట్టూ అరటిగెలలు, మామిడాకులు, నిలువెత్తు తెర. తెర ముందు పురోహితులు, తెర వెనక నేనూ, తెప్పల మీద నుంచి వచ్చిన నలుగురు చువ్వల పనివాళ్ళూ. నలుగురూ పట్టుపంచెల్లోనే ఉన్నారు, ఎవరైనా చూస్తే చుట్టాలనుకోవాలని. దూలం కింద ముందే జాకీలు బిగించి, వాటికీ పూలదండలు చుట్టాం.

అరవై నాలుగు కుటుంబాలూ అబ్బాయి తరఫు చుట్టాలు. మా ఇరవై నాలుగు ఇళ్ళవాళ్ళు అమ్మాయి తరఫు. బీట సంగతి అందరికీ చెప్పాం, పనసపొట్టు సంగతి చెప్పలేదు. భోజనాల దగ్గర నిజంగానే రెండు తరఫులకీ మాటా మాటా వచ్చింది.

నేను ఈల వేస్తే డప్పులు. డప్పులు మోగితే సుత్తి. మొదటి గంటలో ఒకసారి డప్పులాయన బీడీకి ఆగాడు, మేం ఆగలేదు. తెర వెనక ఠణఠణమంటోంటే పురోహితులు గారు "అక్షింతలు, అక్షింతలు" అని అరిచి గందరగోళం చేశారు. చెవులు మూసే ఉన్నాయని ఆయనకి ఎన్నిసార్లు చెప్పినా నమ్మకం కుదరలేదు.

పాత పెచ్చు విప్పితే లోపల మాలు చేత్తో గిల్లితే రాలింది. ఎవరికీ చూపించకుండా గోనెలో ఎత్తాను. తరవాత బుద్ధి వచ్చి, నలుగురినీ పిలిచి చూపించాను. చువ్వలు కట్టేటప్పుడు ఎవరూ తొందరపడలేదు.

మూడు గంటలకి స్తంభం చుట్టూ చెక్కల పెట్టె బిగించి పోత మొదలుపెట్టబోతుంటే, తాళి కట్టడం ముగించుకుని సీతాపతిగారు తెర వెనక్కి వచ్చారు. నుదుట బాసికం, ఒంటిమీద కొత్త పట్టుపంచె.

"మొదటి తట్ట నేనేస్తానండి. నేను చేసిన తప్పు కదా."

ఆయన్ని ఆపాలి. చట్టంలో మూడో నియమం ప్రకారం స్తంభంలో మొదటి తట్ట ఎవరు వేస్తే వాళ్ళే బిల్డరు. పూర్వం కంపెనీ పేరు చెప్పి జారిపోయేవాళ్ళని పట్టుకోవడానికి పెట్టారు. ఆపుదామని నోరు తెరిచాను. తెరిచిన నోట్లో కామేశ్వరమ్మగారు బందరు లడ్డూ పెట్టారు. అది మింగేసరికి తట్ట పెట్టెలో బోర్లాపడింది, ఆయన పంచె బూడిదరంగైంది, ఇద్దరూ పెళ్ళికొడుకూ పెళ్ళికూతురిలా నవ్వుకుంటున్నారు.

పోనీలే అన్నాను. ఈ మాట నాకు అచ్చిరాదని తెలిసి కూడా.

తరవాత అంతా వరస కట్టారు. అమ్మాయి తరఫు చేతిలోంచి అబ్బాయి తరఫు చేతిలోకి తట్టలు నడిచాయి. మాలులో నీళ్ళు ఎంత పోయాలో నేనే గిన్నెతో కొలిచాను. మధ్యాహ్నం భోజనానికి కూర్చోలేదు. సుగుణ నిలబెట్టి తినిపించింది.

రోజు 3,641. మిగిలినవి 11.

తడి గోనెలు రోజుకి నాలుగుసార్లు మారుస్తున్నాం. వాటాలు వేసుకున్నారు. ఉదయం తెప్పలవాళ్ళు, సాయంత్రం ఇళ్ళవాళ్ళు. చెవిలో దూది తీసి, తుడిచి, చొక్కా బయటికి వచ్చేలా బిగించాను. మధ్యాహ్నం రెండూ పదికి టిక్కుమంది. సీతాపతిగారు టైము రాసుకున్నారు.

ఒక చిక్కు. ఏడో స్తంభం మిగతావాటికన్నా ఎనిమిది అంగుళాలు లావు. పీపా పక్కన పెట్టిన లోటాల్లా ఉన్నాయి తక్కినవి. సీతాపతిగారి కారు అక్కడ పట్టదు. రంగు వేశాం, పూలకుండీలు పెట్టాం, సన్నగా కనిపిస్తుందని నిలువు చారలు గీశాం. సుగుణ దూరంగా నిలబడి చూసి, "నిలువు చారల చీర కట్టిన మా అత్తగారిలా ఉందండీ" అంది.

రోజు 3,652. మిగిలినవి లేవు.

పీఠం నుంచి పరిశీలకురాలు వచ్చారు. యాళ్ళ విజయభారతిగారు. నలభై ఉంటాయి. నవ్వరు. మెడలో కొలత టేపు, చేతిలో ముద్ర. ఫిర్యాదులు సున్నా, అన్నీ ముందురోజే తీర్చాను. చెవుల పట్టీ చూశారు. రెండేళ్ళ మౌనాన్ని ఆవిడ వేలు దాటిపోయింది, చివరి పదకొండు రోజుల టిక్కుల దగ్గర ఆగింది, ముందుకు కదిలింది. పార్కింగులో స్తంభాల మధ్య నడిచి ఏడోదాని దగ్గర నిలబడ్డారు.

"బిల్డరుగారూ, ఇది లావుగా ఉందేంటి?"

"పదేళ్ళయింది కదండీ. అందరం లావయ్యాం."

మెట్లమీద నిలబడ్డ ఇరవై నాలుగు ఇళ్ళూ, గేటు బయట నిలబడ్డ అరవై నాలుగు కుటుంబాలూ ఊపిరి బిగబట్టాయి. విజయభారతిగారు తన నడుం వంక ఒకసారి చూసుకుని, నవ్వారు. నిజంగానే నవ్వారు. "మా పేరూ ఇంకో బిల్డరు జాబితాలో నూట నాలుగో నంబర్లో ఉందిలెండి" అని గొణుక్కుని, ఈ పుస్తకం అడిగారు. పేజీలు గబగబా తిప్పి, ఖాళీలు లేవని చూసి, ముద్ర తీశారు.

అంత సులువుగా అయిపోతుందనుకోలేదు. నా ఎడమచెయ్యి ఆ స్తంభం మీదే ఉంది. చల్లగా, గట్టిగా ఉంది. బాగా చేశాను దాన్ని. కానీ ఎప్పుడూ బీట పడలేదని కాగితం మీద ముద్ర పడితే, ఇక దాని వంక ఎవరూ చూడరు. అయిదేళ్ళకో పదేళ్ళకో చొక్కా అంచున సన్నటి గీత వస్తే, రంగు పగిలిందనుకుని మళ్ళీ క్యాలెండరు తగిలిస్తారు. రిపేరు చేసిన స్తంభాన్ని, అది రిపేరుదని తెలిసినవాళ్ళే కనిపెట్టుకుని ఉండగలరు.

"ముద్ర కొట్టేముందు రోజు 3,611 నుంచి చదవండి" అన్నాను.

గేటు బయట సుగుణ చేతిలోని అట్లకాడ కిందపడింది.

విజయభారతిగారు కుర్చీ వేయించుకుని చదివారు. గంటన్నర. రెండు పెసరట్లు, ఒక కాఫీ. ఒకచోట పమిట నోటికి అడ్డం పెట్టుకున్నారు, చారు దగ్గరనుకుంటాను. పనసపొట్టు దగ్గర మాత్రం తల ఎత్తి నన్ను చూశారు. నేను తల దించుకున్నాను. లేచి వెళ్ళి చెవి దగ్గర చెవి పెట్టి విన్నారు. చొక్కాని సుత్తితో నాలుగు వైపులా కొట్టి చూశారు. ఎక్కడా బోలుగా పలకలేదు.

"బిల్డరుగారూ, పెద్ద లోపం ఉంటే భవనం కట్టినవాళ్ళకి లెక్క మొదటికొస్తుంది. ఇప్పుడు ఇక్కడ లోపం లేదు, ఉన్నప్పుడు ఎవరూ చెప్పలేదు. చేసి దాచిపెట్టినందుకు మీ పనసపొట్టు సంగతి ఊరి రిజిస్టరులో ఎక్కుతుంది. మీ కొత్త జాబితావాళ్ళు అందరూ చదువుకుంటారు, ఇష్టం లేనివాళ్ళు వెళ్ళిపోవచ్చు. అది మీ శిక్ష." పేజీ తిప్పారు. "ఇక ఈ స్తంభం. ఇది కొత్త కట్టడం. కొత్త కట్టడానికి కొత్త బిల్డరుండాలి. మొదటి తట్ట వేసిందెవరు? ఇందులో రాసి ఉంది."

అందరూ సీతాపతిగారి వంక తిరిగారు.

"నేనాండీ?"

"మీరేనండీ. పదేళ్ళు ఇక్కడే కాపురం. రోజూ పుస్తకం రాయాలి, చెవి వినాలి, స్తంభం చూడాలి. చెవి మూసినందుకు వేరే శిక్ష రాద్దామనుకున్నాను గానీ, ఇది చాలనిపిస్తోంది."

ఆయన జేబులోంచి కలం తీసి, గడియారం చూసుకున్నారు. "పదకొండూ యాభై మూడు" అన్నారు. ఆ ముఖం మీద పరీక్ష తప్పిన పిల్లవాడు లేడు. కామేశ్వరమ్మగారు, "పదేళ్ళా? అంటే ఎనభయ్యో ఏట ఇంకో శాంతి ఉంటుంది" అన్నారు.

చివరి రోజు రాయకపోతే పుస్తకం చెల్లదట. అందుకే నాకు తిరిగిచ్చారు. విజయభారతిగారు ఎదురుగా కూర్చుని, మూడో పెసరట్టు తింటూ, నేను ముగించేదాకా చూస్తున్నారు. ముగించాను.

కాపురం పుస్తకం (కొత్తది)
ఉప్పుటేరు అవతల, ఇంకా పేరు పెట్టని స్థలం
రోజు 0.

రిజిస్టరు చదివి తొమ్మిది కుటుంబాలు జాబితా నుంచి వెళ్ళిపోయాయి. ఒకాయన నా ఎదుటకి వచ్చి మరీ చెప్పాడు. "మా పిల్లల నెత్తిమీద మీరు పోనీలే అనకూడదండి" అన్నాడు. తప్పుపట్టడానికి లేదు. వారం రోజులు అన్నం సహించలేదు. సుగుణని కూడా అడిగాను, నువ్వూ వెళ్ళిపోతావా అని.

"ఎక్కడికెల్తానండీ? మిగతా ఆరుగురు బిల్డర్లూ ఎన్ని పెళ్ళిళ్ళకి ఎల్లారో నాకు తెలీదు. మీ సంగతి తెలుసు" అంది.

ఖాళీ అయిన తొమ్మిది చోట్లకీ రెండు రోజుల్లో మనుషులొచ్చారు.

ఇవాళ స్థలంలో ముగ్గు పోశాం. అరవై నాలుగు కుటుంబాలూ వచ్చి, తమ ఇల్లు ఇక్కడ, తమ వంటగది అక్కడ అని గాలిలో గోడలు కట్టుకుని తిరిగారు. సుగుణ పాప ముగ్గులో పడుకుని, నేల ఊగుతోందా లేదా అని చూసుకుంది. ఊగలేదు. లేవమన్నా లేవలేదు.

సుగుణ నా పక్కకి వచ్చి నిలబడింది.

"పిన్నిగారూ, మనకి ఏ ఫ్లాట్లు వస్తాయోనండీ?"

"కట్టడం పూర్తయ్యాకే చీటీలు తీస్తారు. మీకూ అంతే, నాకూ అంతే. ముందే తెలిస్తే బిల్డరు తన గది ఒక్కటే బాగా కట్టుకుంటాడని."

"అయితే మీ నెత్తిమీద మేవే పడొచ్చు కదాండీ?"

"పడొచ్చు."

"ఆయ్, ఒక మాట ముందే చెప్తన్నానండి. ఇల్లొచ్చాక మా అత్తగారి రుబ్బురోలు తెచ్చుకుంటాను. గ్రైండరు పిండి అట్టుకి బాగోదండి. తెల్లారగట్ల నాలుగింటికి కూర్చుంటాను, రెండు గంటలు రుబ్బుతాను. రోజూనండి. పదేళ్ళూనండి."

ఆవిడ ముఖంలో ఎక్కడా నవ్వు లేదు. అట్లకాడ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

నేను ప్లాను మళ్ళీ విప్పాను. ఏ అంతస్తులో సుగుణ ఉంటుందో, దాని కింద ఎవరుంటారో ఇప్పుడు తెలియదు. అందుకని ఒక్క అంతస్తు అని కాదు, అయిదంతస్తుల్లో ప్రతి స్లాబూ రెండంగుళాలు మందం పెంచాను. మార్పుకి కారణం అన్న గడిలో "నివాసుల భద్రత దృష్ట్యా" అని రాశాను.